"వయసైంది గదా" అనే ఊళ్లో మతిమరుపు జబ్బు ముప్పుల గురించి చెప్పడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరు జిల్లాలో ఏ ఊరి అరుగు దగ్గరికైనా వెళ్లి "మతిమరుపు జబ్బు గురించి నాలుగు మాటలు చెప్తాం, రండి" అని పిలవండి. "దానికి మాటలేంది నాయనా, వయసైంది గదా" అని నవ్వి ఊరుకుంటారు. అదే "బీపీ చూస్తాం, చెవులు చూస్తాం" అనండి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేస్తారు. ఈ పనికి దిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు గురించి చెప్పాలంటే డిమెన్షియాతో మొదలుపెట్టొద్దు. జనానికి ఎప్పటినుంచో తెలిసిన బీపీ, సుగర్, చెవుడు, చుట్ట, ఒంటరితనం దగ్గర మొదలుపెట్టి, అవి మెదడు దాకా ఎలా పోతాయో చూపించాలి.

ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల లీడర్లు, రిటైరైన పంతుళ్లు, పండక్కి ఊరొచ్చి ఏదైనా పనికొచ్చే పని చేద్దామనుకునే పిల్లలు, ఎవరైనా ఇందుకోసం ఊళ్లో ఒక కూటం పెట్టొచ్చు. డాక్టరు ఉండి తీరాలని లేదు. డాక్టరు వచ్చారంటే కూటం కాస్తా ఓపీ అయిపోతుంది, అందరూ చీటీలు పట్టుకుని మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటారు. ఊరి హెల్త్ క్లినిక్‌లో ఉండే ఏఎన్‌ఎం పక్కన కూర్చుంటే చాలు.

ముందు మీకు తెలిసి ఉండాల్సినవి

డిమెన్షియా అన్నది ఒకే జబ్బు పేరు కాదు. మెదడు దెబ్బతిని జ్ఞాపకం, మాట, దారి, లెక్క, నడవడిక ఒకటి తర్వాత ఒకటి సడలిపోయి, మనిషి తన పనులు తాను చేసుకోలేని స్థితికి రావడాన్ని అలా అంటారు. ఇందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్ వల్ల వచ్చేదే. 1906లో జర్మనీ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ దీన్ని తొలిసారి వివరించాడు, ఆయన పేరే దానికి నిలిచింది. మెదడులోని రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చే రకం దాని తర్వాతది. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటమూ మామూలే.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. మీ ఊళ్లో 400 మంది పెద్దవాళ్లుంటే, ఈ లెక్కన 30 మంది ఇళ్లలో ఈ బాధ ఉండాలి. వాళ్లలో ఎంతమందికి జబ్బు పేరుతో చీటీ ఉందో ఆశాను అడగండి. ఆ జవాబే మీ కూటం ఎందుకు అవసరమో చెప్తుంది.

ఇక అసలు సంగతి. లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2017లో 9, 2020లో 12, 2024లో 14 ముప్పులను గుర్తించింది. ఈ 14 లేకుండా చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు అన్నది వాళ్ల లెక్క. చెవుడు, చెడు కొలెస్ట్రాల్ చెరి 7 శాతం. చిన్నప్పుడు చదువు లేకపోవడం, నలుగురితో కలవకపోవడం చెరి 5. దిగులు జబ్బు, తలకు దెబ్బ, గాలి కాలుష్యం ఒక్కొక్కటి 3. బీపీ, సుగర్, పొగ తాగడం, ఒళ్లు కదలకపోవడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం ఒక్కొక్కటి 2. ఊబకాయం, అతిగా తాగడం చెరొకటి. ఇది ప్రపంచమంతటికీ కలిపి వేసిన లెక్క. ఒక మనిషికి వర్తించే లెక్కగా ఎవరికీ చెప్పకండి. "చెవుడు వస్తే మతి పోతుందంట" అని ఊరంతా పాకితే మీ శ్రమంతా వృథా.

మిగిలిన 55 శాతం? వయసు, పుట్టుకతో వచ్చే జన్యువులు, ఇంకా అంతు చిక్కని కారణాలు. ఈ మాట కూటంలో తప్పకుండా చెప్పాలి. ఎందుకంటే మీ ఎదుట చాప మీద కూర్చున్నవాళ్లలో భర్త తనను గుర్తుపట్టక కుమిలిపోతున్న ఇల్లాలు ఒకరు ఉండొచ్చు. ఆమె "నేను సరిగ్గా చూసుకోలేదు కాబట్టే వచ్చింది" అనుకుని ఇంటికి వెళ్లకూడదు.

1. ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి

"ముసలివాళ్ల మీటింగ్" అని దండోరా వేయకండి. బీపీ, కొలెస్ట్రాల్, చెవుడు, ఊబకాయం మెదడుకు చేసే చెరుపు నలభైల్లోనే మొదలవుతుంది. అందుకే 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లను, అంటే కొడుకులను, కోడళ్లను, కూతుళ్లను కూడా పిలవాలి. అవ్వాతాతల గురించి చెప్తున్నట్టే చెప్పి, సగం మాటలు వీళ్లకు తగిలేలా చూసుకోండి.

చోటు విషయంలో కాస్త ఆలోచించాలి. రామాలయం ముందు పెడితే దళితవాడ నుంచి, యానాదుల కాలనీ నుంచి, సాయిబుల వీధి నుంచి జనం పెద్దగా రారు. బడి వరండా మేలు. సముద్రం పక్క ఊళ్లయితే జాలరులుండే పట్టపుపాలెం పెద్దలకు ముందు ఒక మాట చెప్పి, పడవలు తిరిగొచ్చి వలలు సర్దుకునే పొద్దు చూసుకోండి. పొదుపు సంఘాల నెలవారీ సమావేశం ఎటూ ఉంటుంది. ఆడవాళ్ల వరకు అంతకంటే తయారుగా ఉన్న కూటం దొరకదు.

నెల మొదటి తారీకు వద్దు. ఆ రోజు పింఛను ఇంటికే తెచ్చిస్తారు కాబట్టి ఎవరూ గడప దాటరు. రెండు, మూడు తేదీలు అనువు. రబీ కోతలు సాగే మార్చి, ఏప్రిల్ వదిలేయండి. సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం, అక్టోబరు 1 వృద్ధుల దినం. ఆ పది రోజుల్లో పెడితే పీహెచ్‌సీ నుంచి మనిషిని, మిషన్‌ను అడగడానికి మీకు ఒక సాకు ఉంటుంది.

ముప్పై మందికి మించితే మాట పలచబడుతుంది. పెద్ద ఊరైతే వీధికొకటి పెట్టుకోండి.

2. సామాను

పనిచేసే బీపీ మిషన్, లావు చేతులకు పెద్ద పట్టీ, సుగర్ చూసే మిషన్, చెవిలోకి చూడటానికి మంచి టార్చి, ఒక నోటుబుక్కు. చాపలతో పాటు నాలుగు కుర్చీలు తప్పకుండా ఉండాలి, మోకాళ్లు పట్టేసినవాళ్లు చాప మీద కూర్చోలేరు. మైకు వద్దు. మైకు ఉంటే మీరొక్కరే మాట్లాడతారు. పవర్ పాయింట్, ప్రొజెక్టర్ లాంటివి సరే, మీ ఇష్టం. నా మటుకు నాకు వాటి వల్ల పిల్లలు చేరి గోల చేయడం తప్ప వేరే లాభం కనపడదు.

3. మొదటి పది నిమిషాలు

ఉపన్యాసం వద్దు, ఒక ప్రశ్న వేయండి: "మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మధ్య ఏమేం మర్చిపోతున్నారు?" నవ్వులతో మొదలవుతుంది. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతికినాడని ఒకరు, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయిందని ఒకరు. వాళ్లు చెప్పినవే తీసుకుని రెండు వైపులుగా విడదీయండి.

తాళంచెవి యాడ పెట్టినానో గుర్తులేదనడం వయసుతో వచ్చేదే. తాళంచెవి చేతిలో పెట్టుకుని అదెందుకో తెలియకపోవడం జబ్బు. మనవరాలి పేరు కాసేపు నోటికి రాకపోవడం మామూలు, ఆ పిల్ల ఎవరని అడగడం మామూలు కాదు. నలభై ఏళ్లుగా చేపల పులుసు చేసిన చేయి, చింతపండు పిసికాక తర్వాత ఏం వేయాలో తెలియక ఆగిపోతే ఆలోచించాలి. రోజూ పోయే చేను నుంచి ఇంటికి దారి తప్పడం, కొట్లో 500 నోటిచ్చి చిల్లర లెక్క తెలియకపోవడం, పింఛను డబ్బు ఎక్కడో దాచి కోడలు తీసిందని అరవడం, చెప్పిన మాటే పూటలో పదిసార్లు చెప్పడం, శుభ్రంగా ఉండే మనిషి స్నానం మానేయడం, నెమ్మదస్తుడు ఉన్నట్టుండి బూతులు తిట్టడం, ఇవన్నీ "చాదస్తం" కింద కొట్టేయాల్సినవి కావు.

ఒక్క గీత గట్టిగా గీసి చెప్పండి. మర్చిపోవడం రోజువారీ పనికి అడ్డం పడుతోందా, ఆరు నెలల కిందటికి ఇప్పటికి పెరిగిందా? రెంటికీ అవునంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

4. ముప్పులు చెప్పే తీరు

పద్నాలుగూ వరసపెట్టి చదివితే ఒక్కటీ గుర్తుండదు. మీ ఊరికి ఏవి తగిలేలా ఉన్నాయో చూసుకుని నాలుగైదింటి మీద నిలవండి, మిగతావి మాటల్లో కలిపేయండి.

*చెవి.* దీంతోనే మొదలుపెట్టమంటాను, ఎవరూ ఊహించనిది కాబట్టి. వినపడని మనిషి మాటలు పట్టుకోవడానికే మెదడు బలమంతా ఖర్చుపెడుతుంది. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. తర్వాత అడగడం మానేస్తాడు, ఆపైన పెళ్లిళ్లకు పోవడం మానేస్తాడు, అంటే ఒంటరితనం కూడా వచ్చి చేరుతుంది. ప్రకాశంలో చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, ఒంగోలు చుట్టుపక్కల రాళ్లు కోసే ఫ్యాక్టరీల్లో, మన రైసు మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల చెవులు యాభైకే మొద్దుబారతాయి. వాళ్లు చెవులకు రక్షణ లేకుండా పనిచేస్తుంటే అది ఇప్పుడే చెప్పాల్సిన మాట.

వినికిడి మిషన్ పెట్టుకుంటే డిమెన్షియా రాదా అని అడుగుతారు. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవాళ్ల మీద చేసి 2023లో వెల్లడించిన పరిశోధనలో, అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందునుంచే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం మూడేళ్లలో మతి తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. ఈ రెండు మాటలూ చెప్పండి. ఎలాగూ మిషన్ పెట్టుకున్న మనిషి మళ్లీ అరుగు మీదికి వస్తాడు, అదే పెద్ద లాభం.

*బీపీ, సుగర్, కొలెస్ట్రాల్.* ఇవి గుండెకు చేసే చెరుపే మెదడుకూ చేస్తాయి, మెదడులోని రక్తనాళాలు మరీ సన్నవి. నలభై దాటినప్పటి నుంచి పై అంకె 130 దగ్గర ఉంచుకోవాలన్నది నిపుణుల మాట. కాకపోతే ఎవరికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. తల తిరిగి పడిపోయేంతగా తగ్గించుకోవడం పెద్దవాళ్లకు మరో ప్రమాదం. మన దగ్గర అసలు చిక్కు "బీపీ నార్మల్‌కొచ్చింది, బిళ్ల ఆపేసినా" అనే మాట. బిళ్ల వేసుకోబట్టే నార్మల్‌కొచ్చిందని ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెప్పాలి. ఉప్పు దగ్గర కూడా నిలవండి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీచెంచా కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆవకాయ, ఉప్పుచేప, మజ్జిగ మిరపకాయలు ఒకే పూట విస్తట్లో పడితే ఆ చెంచా అక్కడికక్కడే దాటిపోతుంది. మానేయమంటే వినరు. ఏదైనా ఒకటే వేసుకోమంటే వింటారు.

సుగర్ మరీ పడిపోవడం కూడా మెదడుకు చెరుపే. బిళ్ల వేసుకుని అన్నం తినకుండా గుడికి, ఉపవాసాలకు పోయే అవ్వలకు ఇది ప్రత్యేకంగా చెప్పండి.

*చుట్ట, బీడీ.* పొగాకు పండించే నేల మనది. కొండపి, టంగుటూరు, కలిగిరి వేలం కేంద్రాల మీద బతికే ఇళ్లముందు నిలబడి పొగాకు పాడుగాను అంటే మొహం తిప్పుకుంటారు. పంట సంగతి ఎత్తకుండా, తాగే సంగతి మాత్రమే మాట్లాడండి. ఏ వయసులో మానినా మెదడుకు మేలేనని చెప్పండి. కట్టెల పొయ్యి పొగ కూడా గాలి కాలుష్యమే. గ్యాసు ఉన్నా నీళ్లు కాచడానికి కట్టెలు వాడే ఇళ్లలో, కనీసం పొయ్యి ఆరుబయట పెట్టమనండి.

*తాగుడు.* దీని గురించి చెప్పడానికి నెల్లూరు జిల్లా మనిషికి వేరే ఊరి కథ అక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, వాచకంలో సారా గురించి చదివిన పాఠం తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. మన జిల్లా దూబగుంట ఊళ్లో 1990ల మొదట్లో రోసమ్మ అనే మహిళ ముందు నిలవగా మొదలైన పోరు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆ పోరు నుంచి పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. అప్పుడు ముప్పై ఏళ్లున్న ఆడవాళ్లు ఇప్పుడు మీ కూటంలో అవ్వలుగా కూర్చుని ఉంటారు. వాళ్లనే చెప్పమనండి. మీరు చెప్పేదానికంటే వెయ్యిరెట్లు బాగా చెప్తారు.

*చదువు, మెదడుకు పని.* చిన్నప్పటి చదువు ఇప్పుడు తెచ్చి ఇవ్వలేం. కానీ మనవరాలిని పదో తరగతితో ఆపి పెళ్లి చేయకపోవడం యాభై ఏళ్ల తర్వాత ఆ పిల్ల మెదడుకు చేసే మేలని చెప్పొచ్చు. చదువులేని పెద్దవాళ్లకూ చెప్పడానికి ఒక మంచి మాట ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు, ఒకే భాష వచ్చినవాళ్లకంటే దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, అరవం రెండూ గడగడా మాట్లాడే మన దక్షిణం వైపు వాళ్లకు, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే సాయిబుల ఇళ్లవాళ్లకు ఈ సంగతి చెప్తే ముఖాలు వెలిగిపోతాయి. అష్టాచెమ్మా, పులిమేక, భజన, కొత్త పాట నేర్చుకోవడం, సెల్‌ఫోన్‌లో డబ్బు పంపడం, దేన్నైనా నేర్చుకుంటూ ఉండమనండి.

*ఒంటరితనం, దిగులు.* పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, అమెరికా. ఇంట్లో టీవీ ఒకటే మాట్లాడుతుంది. భార్య పోయిన ఏడాదిలోపు మగవాళ్లు ఎంత తొందరగా ముడుచుకుపోతారో ఊళ్లో అందరికీ తెలుసు. దిగులు జబ్బుకు మందులున్నాయి, నయమవుతుంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

*తలకు దెబ్బ.* చెన్నై హైవే మీద బండి వెనక ఒక పక్కకు కూర్చుని హెల్మెట్ లేకుండా వెళ్లే అవ్వలు, రాత్రి చీకట్లో మరుగుదొడ్డికి పోతూ జారే తాతలు. గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, గడప దగ్గర ఒక బల్బు పెట్టించండి. పడ్డ రెండు మూడు వారాలకు మనిషి తికమకపడటం మొదలైతే వయసు అనుకోవద్దు. పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండొచ్చు. ఆపరేషన్‌తో చాలామంది మామూలు మనుషులవుతారు.

కళ్లకు శుక్లాలుంటే తీయించుకోమనండి. రోజుకో అరగంట గట్టిగా నడవమనండి, కాలువ గట్టు మీద నలుగురు కలిసి నడిస్తే రెండు పనులు అయినట్టు.

5. అక్కడికక్కడే పరీక్షలు

చెప్పిన మాట చెవిలో ఉండగానే పరీక్ష చేయాలి. బీపీ చూసేటప్పుడు తొందర వద్దు. కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఊరకే ఉంచండి. అంతకు అరగంట ముందు నుంచి టీ, చుట్ట ఉండకూడదు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చొక్కా చేయి మీద పట్టీ చుట్టకండి, పైకి మడిస్తే బిగుసుకుపోయేట్టుంటే విప్పించండి. మిషన్ ఆడేటప్పుడు మాట్లాడనివ్వొద్దు. మీరూ "అన్నం తిన్నావా పెదనాయనా" అని పలకరించొద్దు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయండి. 140, 90 దాటితే భయపెట్టకుండా, మరో రోజు క్లినిక్‌లో మళ్లీ చూపించుకోమనండి.

చెవి పరీక్షకు మిషన్ అక్కర్లేదు. మనిషి వెనక చేయి చాచినంత దూరంలో నిలబడండి, మీ నోరు కనపడకూడదు. అప్పుడు పరీక్షించని చెవి రంధ్రం ముందుండే చిన్న తమ్మెను వాళ్ల వేలితోనే నొక్కి కదుపుతూ ఉండమనండి. ఊపిరి వదిలేసి, గుసగుసగా ఒక అంకె, ఒక ఊరి పేరు, మళ్లీ ఒక అంకె చెప్పండి: "ఏడు, కోవూరు, మూడు." తిరిగి చెప్పలేకపోతే వేరే మాటలతో ఇంకోసారి. ఆరింటిలో మూడు కూడా చెప్పలేకపోతే చెవి డాక్టరుకు చూపించాలి. అంతకుముందు టార్చి వేసి చూడండి, చాలాసార్లు గులిమి గడ్డకట్టి ఉంటుంది. అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టి తీయొద్దని గట్టిగా చెప్పి క్లినిక్‌కు పంపండి.

వినికిడి మిషన్ కొనలేనివాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. 60 దాటిన పేద వృద్ధులకు వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, ఊతకర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే ఆఫీసులో కనుక్కుని, పేర్లు ముందే రాసి ఉంచుకోండి.

ఒకటి మాత్రం కూటంలో చేయకండి. పదిమందిలో ఎవరి జ్ఞాపకశక్తినీ పరీక్షించొద్దు. గడియారం బొమ్మ గీయించడం లాంటి పరీక్షలు చదువురానివాళ్లకు పనికిరావు, పరువు మాత్రం పోతుంది. అనుమానం ఉంటే సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆ మనిషికి వినపడని చోట కూతురినో కోడలినో అడగండి.

6. తప్పకుండా అడిగే ప్రశ్నలు

"సత్తు గిన్నెల్లో వండితే వస్తుందంట గదా?" నిరూపణ లేదు. గిన్నెలు మార్చుకుంటే మార్చుకోండి, బీపీ బిళ్ల మాత్రం మానకండి.

"సరస్వతి ఆకు తింటే?" తింటే తినండి. దాంతో డిమెన్షియా ఆగుతుందనడానికి గట్టి రుజువు లేదు. టీవీలో అమ్మే జ్ఞాపకశక్తి పొడులకు వేలు తగలేయొద్దు.

"గాలి సోకితే, ఎవరన్నా చేతబడి చేస్తే?" ఇక్కడ ఎగతాళి చేయొద్దు. దర్గాకో గుడికో తీసుకెళ్తే తీసుకెళ్లండి, దాంతోపాటు ఆసుపత్రికి కూడా అనండి. అంతకంటే ముందుకు లాగితే మనిషి మీ చేతిలోంచి జారిపోతాడు.

"మా నాయనకు వచ్చింది, నాకూ వస్తుందా?" ముప్పు కొంత ఎక్కువ, వచ్చే తీరుతుందని లేదు. నేరుగా వంశంలో దిగే రకం చాలా అరుదు, అది సాధారణంగా 65కు ముందే బయటపడుతుంది.

7. జబ్బు ఉన్నట్టు అనుమానం వస్తే

మొదట చూడాల్సింది నయమయ్యే కారణాలు. థైరాయిడ్ తగ్గడం, బీ12 తక్కువ కావడం, దిగులు జబ్బు, తలలో రక్తం చేరడం, వాడుతున్న మందులు. సుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 పడిపోవచ్చు. నిద్ర బిళ్లలు, కొన్ని జలుబు బిళ్లలు పెద్దవాళ్లను తికమకపెడతాయి. అందుకే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి, అన్ని బిళ్లలూ ఒక సంచిలో వేసుకుని పోవాలి. పేర్లు చెప్పడం వల్ల పని జరగదు, అట్టలు చూపించాలి.

పీహెచ్‌సీ నుంచి మొదలుపెట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. అక్కడ నరాల డాక్టరో మానసిక వైద్యుడో చూస్తారు. ఇంకా ముందుకు పోవాలంటే హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. వెంట వెళ్లే మనిషి ఎవరంటే, రోజూ ఆ పెద్దాయనతో ఉండేవాళ్లు. అమెరికా నుంచి దిగిన కొడుకు కంటే ఇంట్లో అన్నం పెట్టే కోడలికి చెప్పగలిగింది ఎక్కువ.

ఒకటి వేరుగా, గట్టిగా చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, మూతి వంకర పోతే, చేయి పడిపోతే అది మతిమరుపు కాదు. వెంటనే 108. పక్షవాతం కావచ్చు, సుగర్ పడిపోయి ఉండొచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రోహిణి కార్తె ఎండల్లో కొన్ని రకాల బీపీ బిళ్లలు వాడే పెద్దవాళ్లకు ఒంట్లో సోడియం పడిపోయి ఇలా అయ్యేది మన వైపు ఎక్కువే.

8. కూటం తర్వాత

నోటుబుక్కులో ఒక్కొక్కరికి ఒక్క పనే రాయండి. ఒకరికి "చెవి చూపించాలి", ఇంకొకరికి "బిళ్ల మళ్లీ మొదలుపెట్టాలి", మరొకరికి "బాత్రూములో కడ్డీ". మనిషికి ఐదు పనులు చెప్తే ఒక్కటీ చేయరు. ఆ పని ఎవరు గుర్తుచేస్తారో వాళ్ల పేరు కూడా పక్కనే రాయండి, చాలాసార్లు అది తొమ్మిదో తరగతి చదివే మనవరాలు అవుతుంది.

మూడు నెలలకు మళ్లీ కూర్చోండి. ఈసారి పాఠం చెప్పకుండా, పుస్తకం తీసి ఎవరి పని ఏమైందో అడిగి, మళ్లీ బీపీ చూడండి. కొందరు ఏమీ చేసి ఉండరు. ఎందుకు చేయలేదో అడిగితే అసలు కారణాలు బయటపడతాయి: బస్సు లేదు, తోడు లేదు, చెవి మిషన్ పెట్టుకుంటే చెవిటోడని ఎగతాళి చేస్తారు. తోడు లేనివాళ్లను నలుగురిని కలిపి ఒకే ఆటోలో, ఒకే రోజు పంపించే ఏర్పాటు పొదుపు సంఘం చేయగలదు.

ఇప్పటికే జబ్బు ముదిరిన ఇళ్లను ఈ కూటంలో కలపకండి. వాళ్లకు ముప్పుల గురించి చెప్పి ప్రయోజనం లేదు. వాళ్లకు కావాల్సింది రాత్రి నిద్ర, వారానికో పూట మనిషి సాయం, పెద్దాయన వీధిలోకి వెళ్లిపోతే పట్టుకొచ్చే చుట్టుపక్కలవాళ్లు. ఆ వీధిలోవాళ్లకు, కిరాణా కొట్టతనికి, ఆటోవాళ్లకు విషయం చెప్పి ఇంటి ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి. పెద్దాయన జేబులో కూడా అదే నంబరు రాసిన చీటీ కుట్టించండి. వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది. ఇంట్లో కొట్టడం, తిండి పెట్టకపోవడం, ఆస్తి రాయించుకోవడం మీ కళ్లబడితే ఆ నంబరుకు మీరే ఫోన్ చేయొచ్చు.